మిర్గం నుంచి మిర్గం దాకా: మా చెల్కలో కార్తెల డైరీ

30 మార్చి 2025, ఆదివారం, ఉగాది

ఈరోజు మొదలుపెట్టా. చాలా రోజులుగా అనుకుంటున్న పని, ఇంక వాయిదా వేయొద్దని ఉగాది రోజే నోట్‌బుక్ కొన్నా, రెండు వందల పేజీలది, అట్ట గట్టిగా ఉన్నది.

సంగతేంటంటే పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు (జనగామ జిల్లా, ఊరి పేరు రాయను) అటక మీద మా తాత వాడిన పాత పంచాంగాలు మూడు దొరికాయి. మూడింటి మార్జిన్లలో పెన్సిల్‌తో చిన్న చిన్న రాతలు. "రోణి నాలుగో నాడు జల్లు." "ఆరుద్ర, బొంతపురుగు కనపడ్డది." "మఖ ఉరుము, తూర్పు." ఒక చోట "మిర్గం పోయింది, పదును రాలే" (మృగశిర కార్తె అయిపోయింది, విత్తేంత తడి రాలేదని) అని రాసి కింద గీత కొట్టి ఉంది, ఆ గీత ఎంత గట్టిగా కొట్టాడంటే వెనక పేజీకి కూడా అచ్చు పడింది. ఆ ఏడాది ఏం జరిగి ఉంటుందో ఆ గీత చూస్తేనే తెలిసిపోతుంది. తాత నాలుగో తరగతి దాకే చదువుకున్నాడు, కానీ ఏడాదంతా ఆకాశాన్ని ఇంత శ్రద్ధగా చూసి రాసుకున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని నాకు ముప్పై ఎనిమిదేళ్లొచ్చాక తెలిసింది.

అందుకే ఈ ఏడాది ఇరవై ఏడు కార్తెలూ నేనే చూసి రాయాలనుకుంటున్నా. ప్రతి కార్తెకీ నాలుగు విషయాలు: ఎంత వాన పడింది, చెల్కలో (వాన మీద పండే మెట్ట చేను) ఏం కనపడింది, వంటింట్లో ఏం చేశాం, ఒంట్లో ఎలా ఉంది. దాంతోపాటు సూర్యుడి నీడ కొలవాలి. నేనుండేది ఉప్పల్‌లో, శని ఆదివారాలు ఊరెళ్తా, మిగతా రోజుల్లో మా అన్న బిడ్డ (ఏడో తరగతి) బడికి పోయేముందు వాన రీడింగ్ తీసి వాయిస్ మెసేజ్ పెడతానంది. చెల్క మా పెద్దనాయినది, అందులో పది గుంటలు ఈ ఏడాదికి నాకిచ్చాడు.

తెలియనివాళ్ల కోసం కార్తె అంటే ఏంటో చెప్పి ముందుకెళ్తా. ఆకాశంలో సూర్యుడు నడిచే దారిని అశ్విని నుంచి రేవతి దాకా 27 నక్షత్రాల భాగాలుగా పంచారు. సూర్యుడు ఒక్కో భాగంలో పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు, ఆ రోజులే ఒక కార్తె. రోజూ పంచాంగంలో చూసే నక్షత్రం చంద్రుడిది, రోజుకొకటి మారిపోతుంది, కార్తె మాత్రం సూర్యుడిది. రైతుకి ఇది ఎందుకు కావాల్సొచ్చిందంటే, మన చాంద్రమాన ఏడాది 354 రోజులే, పదకొండు రోజులు తక్కువ, అందుకే రెండున్నర మూడేళ్లకోసారి అధికమాసం వస్తుంది. ఈ ఏడాది ఉగాది మార్చి 30న వస్తే వచ్చే ఏడాది మార్చి 19నే వస్తుంది, ఆ తర్వాత అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆ తర్వాతి పండగలన్నీ మళ్లీ ఆలస్యంగా వస్తాయి. జ్యేష్ఠంలో విత్తనం వేయి అంటే ఏ జ్యేష్ఠం అని అడగాలి. మృగశిర మాత్రం ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. పండగలకి చంద్రుణ్ణి, పంటకి సూర్యుణ్ణి పెట్టుకున్నారు మనవాళ్లు, ఈ ఏర్పాటు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

13 ఏప్రిల్, రేపట్నుంచి అశ్విని

వాన కొలిచే బాటిల్ తయారుచేశా. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, పైభాగం కోసి తలకిందులుగా గరాటులా అందులోనే పెట్టా. అసలు తిప్పలు అడుగు భాగంతో వచ్చింది, ఆ బాటిళ్లకి అడుగున ఐదు బొడిపెలుంటాయి కదా, నీళ్లు పోస్తే మొదటి రెండు మూడు సెంటీమీటర్ల లెక్క తప్పిపోతుంది. చిన్న గులకరాళ్లు వేసి పైన సిమెంట్ నీళ్లలా కలిపి పోసి సమంగా ఆరబెట్టా, ఆరిన సిమెంట్ మట్టం నుంచి సున్నా పెట్టి ప్లాస్టిక్ స్కేలు బయట అతికించా. బాటిల్ నిట్టనిలువుగా ఒకే వెడల్పు ఉన్నంత వరకు స్కేలు మీద మిల్లీమీటరే వాన మిల్లీమీటరు, వేరే లెక్క అక్కర్లేదు. పైన మెడ దగ్గర వంపు మొదలయ్యే చోట కోసేశా, కాబట్టి 180 మి.మీ దాకా చూపిస్తుంది.

చెల్క గట్టున కర్ర పాతి కట్టాం, నేల నుంచి అడుగు ఎత్తులో, చింతచెట్టుకి దూరంగా. పొద్దున ఎనిమిదిన్నరకి రీడింగ్, వాతావరణ శాఖ వాళ్ల రోజు కూడా ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకే, రేపు ఎప్పుడైనా పోల్చుకోవాలంటే ఒకే టైమ్ ఉండాలి.

వాన కొలవడం మనకి బయటినుంచి వచ్చిందనుకునేదాన్ని. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ధాన్యాగారం ముందు మూర వెడల్పు మూతి ఉన్న కుండ పెట్టి వాన కొలవాలని ఉంది. ఏ దేశానికి ఎన్ని ద్రోణాల (అప్పటి కొలత) వాన అన్నది కూడా విడివిడిగా రాశాడు, అందులో అశ్మకం పేరుంది. అశ్మకం రాజధాని పోదనం మన బోధనే అంటారు. అంటే గోదావరి ఒడ్డున మన నేల మీద పడే వాన సంగతి రెండు వేల ఏళ్ల నాటి పుస్తకంలో ఉందన్నమాట, అది చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

10 మే, భరణి, శనివారం

మీటరు పొడవు ఇనుప కడ్డీ నిలువుగా పాతా, దారానికి రాయి కట్టి నిలువు సరిచూశా. మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలయ్యేసరికి కడ్డీ నీడ మాయమైపోయింది, మొదట్లో చిన్న నల్లటి చుక్కలా ఉండి తర్వాత అదీ లేదు. మా అన్న బిడ్డ కడ్డీ చుట్టూ తిరిగి తిరిగి చూసింది. "అత్తా, నీడ ఎటు పోయింది?" అని అడిగితే సూర్యుడు సరిగ్గా నెత్తి మీదున్నాడు అని చెప్పా, తనూ ఎండలో నిటారుగా నిలబడి తన నీడ తన కాళ్ల కింద చూసుకుంది. మన ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లే ఇలా అవుతుంది, మళ్లీ ఆగస్టు మొదట్లో.

27 మే, రోహిణి మూడో రోజు

మా దగ్గర రోహిణిని రోణి అంటారు. రోణిలో రోళ్లు పగులుతాయని సామెత, కానీ ఈసారి నైరుతి మే 24నే కేరళ తాకింది, 2009 తర్వాత ఇంత తొందరగా రావడం ఇదే, రెండు మూడు రోజుల్లో మన దాకా వచ్చేసింది. రోళ్లు పగలాల్సిన కార్తెలో కప్పలు అరుస్తున్నాయి. నిన్న, మొన్న కలిపి బాటిల్‌లో 38.

ఊళ్లో సగం మంది పత్తి గింజలు పెట్టేశారు. నాక్కూడా చేతులు దురద పెడుతున్నాయి, పెద్దనాయినని అడిగితే మొగులు వైపు చూసి చాలాసేపు మాట్లాడలేదు.

"తొందరపడకు బిడ్డా. రోణిల పడ్డ వాన చుట్టం లెక్క వచ్చి పోతది. నేల లోపల ఇంకా కాలుతనే ఉన్నది, చెయ్యి పెట్టి చూడు."

చేతితో తవ్వి చూశా. పై నాలుగు వేళ్ల లోతు తడి, ఆ కింద వేడి వేడి పొడి మట్టి. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది కూడా అదే, తేలిక నేలల్లో 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మి.మీ పడ్డాకే విత్తమని. మన దగ్గర 38. ఆగుతున్నా.

8 జూన్, మృగశిర, ఆదివారం

మిర్గం వచ్చింది, వాన లేదు. మే చివర్లో ఆగిన వాన అట్లాగే ఆగిపోయింది, రోహిణి మొత్తం 41 దగ్గరే నిలిచిపోయింది. రోడ్డు పక్క చేలల్లో మొలిచిన పత్తి మొక్కలు రెండాకుల మీద వాడిపోయి ఉన్నాయి, ఒకతను బిందెతో మొక్కమొక్కకీ నీళ్లు పోస్తున్నాడు. చూసి కడుపు తరుక్కుపోయింది.

పొద్దున పెద్దమ్మ ఇంగువ, బెల్లం కలిపి గోలీలంత ఉండలు చేసి అందరికీ ఒక్కోటి ఇచ్చింది. మధ్యాహ్నం చేపల పులుసు, మిర్గం నాడు చేప తినని ఇల్లు ఊళ్లో ఒకటో రెండో ఉంటాయేమో. హైదరాబాద్‌లో అయితే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరి ఉంటారు ఈరోజు. నేను దాని వైద్యం గురించి మాట్లాడను కానీ ఇంట్లో పెద్దమ్మ చెప్పిన మాట మాత్రం రాసుకున్నా: "ఒంట్ల ఎండకాలం ఉంటది, బయట వానకాలం వస్తది, నడుమ కడుపు ఆగమైతది, అందుకే వేడి చేసేది తినాలె." అష్టాంగ హృదయం అనే ఆయుర్వేద పుస్తకంలో ఋతుసంధి అని ఉంది, పోయే ఋతువు చివరి ఏడు రోజులు, వచ్చే ఋతువు మొదటి ఏడు రోజులు, ఆ పద్నాలుగు రోజుల్లో పాత అలవాట్లు మెల్లగా వదులుకుంటూ కొత్తవి మెల్లగా పట్టుకోవాలని. పెద్దమ్మ ఆ పుస్తకం పేరు కూడా విని ఉండదు. ఈ నెల నుంచి నేను ఫ్రిజ్ నీళ్లు మానేశా, మజ్జిగలో అల్లం వేస్తున్నా, రోజూ రాత్రి తిన్నది, పొద్దున కడుపు ఎలా ఉందీ రెండు ముక్కల్లో రాస్తున్నా.

21 జూన్, మృగశిర చివరి రోజు, శనివారం

రాత్రి 17 మి.మీ! మధ్యాహ్నం కాసేపు మబ్బు విడిచింది, కడ్డీ దగ్గరికి పరుగెత్తా. నీడ పది సెంటీమీటర్లు, దక్షిణం వైపు. దక్షిణం వైపు పడిన మధ్యాహ్నపు నీడని ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు. సూర్యుడు మన నెత్తిని దాటి ఉత్తరానికి వెళ్లి అక్కడి నుంచి చూస్తున్నాడు కాబట్టి. ఈరోజే అటు చివర, రేపట్నుంచి వెనక్కి తిరుగుతాడు.

ఇక్కడ కాసేపు ఆగి రాయాలి, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో నన్ను అన్నిటికన్నా కదిలించిన విషయం ఇదే. ఆరో శతాబ్దంలో జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఏమన్నాడంటే, ఒకప్పుడు సూర్యుడు ఆశ్లేష సగంలో ఉన్నప్పుడు దక్షిణానికి తిరిగేవాడని పాత శాస్త్రాల్లో ఉంది, ఇప్పుడు మాత్రం కర్కాటకం మొదట్లో, అంటే పునర్వసు చివరి పాదంలో తిరుగుతున్నాడు అని. తేడా వస్తే ఏం చేయాలో కూడా ఆ పక్క శ్లోకాల్లోనే చెప్పాడు, ప్రత్యక్షంగా పరీక్షించి తేల్చుకోమని, పొద్దు పొడిచే చోట, గూకే చోట దూరంగా గుర్తు పెట్టుకుని చూడమని, లేదా నేల మీద పెద్ద వలయం గీసి నీడ లోపలికొచ్చే చోటు, బయటికిపోయే చోటు గుర్తు పెట్టమని. ఇప్పుడు 2025లో నా కడ్డీ చెప్తున్నదేంటి? సూర్యుడు తిరిగింది మృగశిర చివర, ఆరుద్ర గడపలో. ఆశ్లేష సగం, పునర్వసు చివర, ఆరుద్ర మొదలు. భూమి తన ఇరుసు మీద బొంగరంలా మెల్లగా తల ఊపుతుంది కాబట్టి దాదాపు 72 ఏళ్లకి ఒక రోజు చొప్పున ఋతువులు నక్షత్రాల నుంచి జారుతున్నాయి. వరాహమిహిరుడి నాటి నుంచి లెక్కేస్తే ఇరవై రోజుల పైమాటే.

జ్యోతిషం అనగానే కొందరు కళ్లు మూసుకుని నమ్ముతారు, కొందరు కళ్లు మూసుకునే కొట్టిపారేస్తారు. ఆ శాస్త్రంలో అంత పెద్దాయన మాత్రం కళ్లు తెరిచి నీడ చూడమన్నాడు. మా తాత పెన్సిల్ రాతలు చూసినప్పుడు నాకు ఆ శ్లోకమే గుర్తొస్తుంది.

28 జూన్, ఆరుద్ర, శనివారం

విత్తాం!! ఆ 17 తర్వాత 24న 29, 26న 16, వారంలో 62 అయ్యింది. మళ్లీ మట్టి తవ్వి చూశా, జానెడు లోతు వరకు చల్లగా, పిడికిట పడితే ముద్దయ్యి వదిలితే విడిపోతోంది. పెద్దనాయిన చూసి "ఇది పదునంటే" అన్నాడు, అంతే. నా పది గుంటల్లో కంది సాళ్లు, మధ్యలో పెసర. మే చివర్లో పత్తి పెట్టినవాళ్లలో చాలామంది ఈ వారం మళ్లీ గింజలు కొని రెండోసారి పెట్టారు.

ఆరుద్ర పురుగు కనపడింది. తాత బొంతపురుగు అని రాసింది ఇదేనని పెద్దమ్మ చెప్పింది. సాలు పక్కన ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్క తెంపి పడేసినట్టుంది, దగ్గరికి వంగితే కదులుతోంది. వేలి గోరంత సైజు, ఒంటి నిండా పొట్టి ఎర్ర నూగు, నీటి బొట్టు పడినా ఆ నూగు మీద నిలబడి జారిపోతోంది. అరచేతిలోకి తీసుకుంటే కాళ్లన్నీ ముడుచుకుని బొట్టుబిళ్లలా అయిపోయింది, కాసేపయ్యాక ముందు రెండు కాళ్లు బయటపెట్టి తడిమి చూసుకుంది. ఎనిమిది కాళ్లు లెక్కపెట్టా, అంటే ఇది సాలీడు జాతికి దగ్గర, పురుగు అని పేరే కానీ. ఏడాదంతా మట్టి లోపలే ఉండి మొదటి మంచి వానలకి మాత్రమే పైకొస్తుంది. దీనికి కార్తె పేరే పెట్టారు మనవాళ్లు. నేల తడి లోపలిదాకా దిగిందని చెప్పడానికి నా బాటిల్ కన్నా ముందు నుంచి ఉన్న గుర్తు ఇది. ఊరి పిల్లలు అగ్గిపెట్టెల్లో దాచుకుంటారు, మేమూ దాచేవాళ్లం, ఈసారి మాత్రం వదిలేసి రమ్మన్నా. చిన్నప్పుడు చెల్క నిండా కనపడేవి, ఈరోజు గంట తిరిగితే ఆరు.

(కార్తె అయ్యాక రాసింది: ఆరుద్ర మొత్తం 68.)

19 జూలై, పునర్వసు ముగుస్తోంది

పెద్దగా రాయడానికి లేదు. 31 మి.మీ, అదీ తుంపర్లే. గడ్డి తీశాం, నడుము పట్టేసింది. ఆషాఢం కదా, పెద్దమ్మ మునగాకు పప్పు రెండుసార్లు వండింది, అందరి చేతులూ గోరింటాకుతో ఎర్రగా ఉన్నాయి, బురదలో పనిచేసే చేతులకి, కాళ్లకి అది ఎంత హాయిగా ఉంటుందో పెట్టుకుని చూస్తే గాని తెలియదు.

16 ఆగస్టు, ఆశ్లేష చివర

పుష్యమిలో 104, ఆశ్లేషలో 126. చెల్క మొత్తం మారిపోయింది. పెసర పూత అయ్యి కాయ దిగింది, కంది మోకాలెత్తు దాటింది. ముసురు పట్టిన మూడు రోజులు ఇంట్లో అందరికీ జలుబు, నా నోట్స్‌లో కూడా "ఆకలి లేదు" అని వరసగా నాలుగు రోజులు ఉంది, ఇదివరకైతే ఎందుకో అర్థం కాక ఆ నీరసంలోనే బిర్యానీ తినేదాన్ని, ఈసారి చారు, కాల్చిన అప్పడం, అంతే. మొగులు పట్టినప్పుడు ఒళ్లు కూడా మందగిస్తుందని కాగితం మీద చూసుకోవడం వేరుగా ఉంటుంది.

31 ఆగస్టు, పుబ్బ

రాయాలనిపించడం లేదు కానీ రాయాలి.

మఖ మొత్తం 212 మి.మీ. అందులో 27, 28 రెండు రోజుల్లోనే 118. అదే రెండు రోజులు కామారెడ్డి, మెదక్ వైపు పడ్డ వానతో పోలిస్తే మాది చిన్న వానే, అక్కడ రైలు కట్టలే కొట్టుకుపోయాయి, ఊళ్లు మునిగాయి. మా పెసర సరిగ్గా అరవై రెండో రోజుకి కోతకొచ్చింది, కాయలు నల్లబడి ఎండిన టైమ్‌లో ఈ వాన. నిన్న వెళ్లి చూస్తే కాయ లోపల గింజ చెట్టు మీదే మొలకెత్తింది. కాయ విప్పితే తెల్లటి మొలక తోకలు. మూడొంతుల్లో రెండొంతులు పోయింది, మిగిలింది కోసి వరండాలో ఫ్యాన్ కింద ఆరబోశాం.

పెద్దనాయిన పక్కన కూర్చుని చెప్పాడు. "పెసరు మిర్గంలనే వెయ్యాలంటరు ఎందుకో ఎరుకేనా? మిర్గంల పడితే అరవై దినాలకు ఆశ్లేషల చేతికొస్తది. మఖ, పుబ్బ ముసురు పట్టకముందే ఇంట్ల పడతది."

నేను ఇన్ని రోజులూ ఆ మాటని విత్తనం వేసే ముహూర్తంలా విన్నా. అది కోత గురించి చెప్పిన మాట. అరవై రోజులు ముందుకి లెక్కపెట్టి, ఏ కార్తెలో కాయ ఎండాలో చూసుకుని, అక్కడినుంచి వెనక్కి వచ్చి పెట్టిన కార్తె అది. ఈసారి మిర్గంలో పదునే రాలేదు, రానప్పుడు పెసర మాని ఇంకేదైనా వేయాల్సింది, ఆలస్యమైన పెసర మఖ నోట్లో పడుతుందని తాత మార్జిన్‌లో గీసిన ఆ గట్టి గీత నాకు ముందే చెప్పింది, నేనే చదవలేకపోయా. మఖలో పుట్టి పుబ్బలో పోయిందని మాటవరసకి అంటుంటాం, ఆ రెండు కార్తెల మధ్య ఒక పంట ఎలా పోతుందో ఈరోజు చేతుల్లో పట్టుకుని చూశా.

కంది మాత్రం బాగుంది.

28 సెప్టెంబర్, హస్త, ఆదివారం

పుబ్బ 97, ఉత్తర 143. పెసర పోయిన సాళ్లలో ఉత్తర మొదట్లో ఉలవలు చల్లాం, మొలిచాయి.

రేపో ఎల్లుండో సద్దుల బతుకమ్మ. పొద్దున చెల్కల్లోకి పూలకి వెళ్లాం, తంగేడు విరగబూసి ఉంది, గునుగు గట్ల నిండా తెల్లగా, కింద కొంచెం గులాబీ రంగుతో. ఈ రెండు పూలూ ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు, వానలు వెనకపట్టే వేళకి వాటంతట అవే వస్తాయి. నోట్‌బుక్‌లో గునుగు మొదట కనపడింది ఉత్తర రెండో రోజు, తంగేడు నిండుగా పూసింది హస్త మొదటి రోజు. వచ్చే ఏడాది అధికమాసం వల్ల బతుకమ్మ అక్టోబర్ మధ్యకి జరుగుతుంది, పూలు పండగ కోసం ఆగుతాయా, కార్తెనే పట్టుకుంటాయా అన్నది అప్పుడు చూడాలి.

కూడిక వేశా. అర్థశాస్త్రంలో ఇంకో కొలత కూడా ఉంది, వాన నెలల్లో మొదటిదీ చివరిదీ కలిపి మూడో వంతు, మధ్య రెండు నెలల్లో మిగతా రెండు వంతులు కురిస్తే మంచి ఏడాది అని. నేను రెండేసి కార్తెలు ఒక నెలగా కట్టా. మృగశిర, ఆరుద్ర 90. పునర్వసు, పుష్యమి 135. ఆశ్లేష, మఖ 338. పుబ్బ, ఉత్తర 240. మొత్తం 803, అందులో మధ్యవి 473. రెండు వంతులంటే 535 రావాలి, కొంచెం తగ్గింది కానీ మరీ దూరం లేదు.

పంచాంగంలో వాన కార్తెలకి వాహనాలు రాస్తారు, కప్ప, ఏనుగు, గుర్రం, మేక, ఎలుక అని, దాన్నిబట్టి వాన ఎక్కువా తక్కువా చెప్తారు. తాత వాటి పక్కన టిక్కులు, ఇంటూలు పెట్టేవాడు. నేనూ పెట్టా, నాలుగు కలిశాయి, నాలుగు కలవలేదు, ఒకటి ఎటూ తేల్చలేకపోయా. తాత మూడేళ్ల టిక్కులు కూడా దాదాపు సగం సగమే. వాహనం చూసి విత్తనం వేయొద్దనే నా నిర్ణయం. కార్తె చూసి చెల్కకి పోవాలి, వెళ్లాక మట్టిని అడగాలి.

30 అక్టోబర్, స్వాతి

మొంథా తుఫాను 28 రాత్రి ఆంధ్ర తీరం దాటింది, నిన్నంతా మా వైపు కురిసింది. వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు. ఊళ్లో పత్తి తీసే టైమ్, చెట్ల మీద విచ్చుకున్న పత్తి తడిసి వేలాడుతోంది, కల్లాల్లో వడ్లు నీళ్లల్లో. ఫోన్‌లో పెద్దనాయిన గొంతు సరిగా రాలేదు.

మా అన్న బిడ్డ మెసేజ్: "అత్తా, బాటిల్ నిండి పొర్లింది." 180 దాటింది, ఎంత దాటిందో తెలియదు. కానీ ఆ పిల్ల తెలివి చూడండి, ముందు రోజు సాయంత్రం బోర్లించి ఉన్న ఖాళీ పెయింట్ బకెట్‌ని ఎందుకైనా మంచిదని వాకిట్లో బయట పెట్టింది. అందులో నీళ్లని లీటరు చెంబుతో కొలిస్తే పదిహేను లీటర్ల మూడొందల మిల్లీలీటర్లు. బకెట్ మూతి వెడల్పు ముప్పై సెంటీమీటర్లు, అంటే మూతి వైశాల్యం 707 చదరపు సెంటీమీటర్లు, ఒక మిల్లీమీటరు వానకి 70.7 మిల్లీలీటర్లు పడతాయి. భాగిస్తే 216 మి.మీ. బకెట్ కింద సన్నగా ఉన్నా ఫరవాలేదు, వాన పట్టేది మూతి కాబట్టి మూతి కొలత ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు. మూర మూతి కుండ అని కౌటిల్యుడు మూతి కొలతే ఎందుకు చెప్పాడో మా పాపకి విడమరిచి చెప్పా, ఫోన్‌లోనే చాలాసేపు మాట్లాడుకున్నాం.

కంది పూత సగం రాలిపోయింది. నీళ్లు నిలవకుండా కాలువ తీశారు.

1 డిసెంబర్, అనూరాధ

పెద్దనాయిన పొద్దున్నే ఫోన్: "మొగులు పట్టింది బిడ్డా, రాసుకో."

రాసుకోమనడానికి కారణం ఉంది. బృహత్సంహితలో గర్భలక్షణం అని ఒక అధ్యాయం, మార్గశిర శుద్ధంలో చంద్రుడు పూర్వాషాఢలోకి వచ్చిన దగ్గర్నుంచి మబ్బుల్ని గమనించమంటాడు. ఆ మబ్బుని వాన గర్భం అంటారు, 195 రోజులకి ప్రసవిస్తుందని, శుక్లపక్షంలో పట్టింది కృష్ణపక్షంలో పడుతుందని. దీపావళి కబుర్లలో పెద్దనాయినకి చెప్తే ఆయన అప్పట్నుంచి ఆకాశం మీదే కన్నేసి ఉన్నాడు. ఈరోజు మార్గశిర శుద్ధ ఏకాదశి. వేళ్ల మీద కాదు, క్యాలెండర్ ముందేసుకుని లెక్కపెట్టా. 195 రోజులకి 14 జూన్ 2026, అమావాస్య అంచున, కృష్ణపక్షమే. మృగశిర కార్తెలో పడుతుంది.

చలి కాలపు మబ్బుకీ ఆరు నెలల తర్వాతి వానకీ సంబంధం ఉందని నేననడం లేదు. కానీ ఒక మబ్బుని చూసి, దానికి తేదీ వేసి, ఆరున్నర నెలలు గుర్తుపెట్టుకుని మళ్లీ ఆ రోజు తలెత్తి చూడమని చెప్పిన పద్ధతి నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది, ఆ పద్ధతి ఉన్నన్నాళ్లు తప్పు కూడా దానంతట అదే బయటపడుతుంది.

21 డిసెంబర్, మూల, ఆదివారం

కడ్డీ నీడ 87 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు. ఏడాదిలో పొడవైన మధ్యాహ్నపు నీడ. సున్నంతో గుర్తు పెట్టా.

14 జనవరి 2026, ఉత్తరాషాఢ, సంక్రాంతి ముందు

నీడ 81. అంటే సూర్యుడు అప్పటికే ఉత్తరానికి బయల్దేరి ఇరవై నాలుగు రోజులైంది. మకర సంక్రాంతి, ఉత్తరాయణం ఒకే రోజు కలిసి వచ్చింది పదిహేడు వందల ఏళ్ల కిందట. పెద్దనాయినకి సున్నం గుర్తులు రెండూ చూపించా, ఆయన వంగి జానతో కొలిచి చూసుకుని "అయితే పండుగ తప్పా?" అని అడిగాడు. పండుగ తప్పు కాదు పెద్దనాయినా, సూర్యుడు మకరంలోకి రావడం నిజమే, నీడ తిరగడం వేరే రోజు, ఒకప్పుడు రెండూ కలిసి ఉండేవి అని చెప్పా. "అన్నదమ్ములు వేరుపడ్డట్టు" అన్నాడు.

కంది కోశాం. పది గుంటల్లో 62 కిలోలు, పూత రాలిన దానికి ఇది చాలా నయం. ఉలవలు ఇంట్లోకి సరిపోతాయి.

రాత్రి వాకిట్లో మంచం వేసుకుని తూర్పు నుంచి నెత్తి మీదికి చూశాం. పిల్లలకోడి (కృత్తిక), దాని వెనక రోహిణి ఎర్రగా, దాని కింద గొల్లకావడి మూడు చుక్కలు, పైన మృగశిర చిన్న త్రికోణంలా. మా అన్న బిడ్డకి జూన్‌లో మనం మిర్గం మిర్గం అని ఎదురుచూసేది ఈ చుక్కల దగ్గరికి సూర్యుడు రావడం కోసమే అని చెప్తే, "మరి అప్పుడు ఇవి కనపడవు కదా అత్తా, సూర్యుడి వెలుగులో" అంది. అవును, కనపడవు, ఇప్పుడు చూసి పెట్టుకోవాలి.

కొత్త నోట్‌బుక్ తనే తెచ్చుకుంది. జూన్ 14 పేజీ తీసి పైన తేదీ, మృగశిర, కృష్ణపక్షం అని రాసి, కింద "వాన:" అని పెట్టి ఖాళీ వదిలింది. బాటిల్ కోసం పెద్దది, ఐదు లీటర్ల నీళ్ల డబ్బా చూసి పెట్టాం, రేపు పండగ అయ్యాక సిమెంట్ పోయాలి.